మూడున్నరేళ్లు, 28 వేల కిలోమీటర్లు: బండి బాగానే ఉంది, ప్లగ్గే కరువు

ఈ ఎలక్ట్రిక్ స్కూటర్‌ని 2022 ఫిబ్రవరిలో కొన్నాను. హైదరాబాద్‌లో నిజాంపేట నుంచి గచ్చిబౌలికి రానూ పోనూ ముప్పై కిలోమీటర్లు, ఎండైనా వానైనా దీని మీదే. కంపెనీ పేరు రాయట్లేదు, నా గొడవ బండితో కాదు కాబట్టి.

బండి సంగతి ముందే చెప్పేస్తాను. బ్యాటరీ సామర్థ్యం 3 కిలోవాట్ అవర్. కొత్తలో ఒక్క చార్జికి 95 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 80 దాటట్లేదు, వెనక మా ఆవిడ కూర్చుంటే ఇంకా తక్కువ. ఒకసారి కంట్రోలర్ (మోటారుకి కరెంటు ఎంత వెళ్లాలో చూసే భాగం) పోయి సర్వీస్ సెంటర్‌లో 11 రోజులు పడి ఉంది, ఎప్పుడు ఫోన్ చేసినా "పార్ట్ రేపొస్తుంది సార్" అనేవాళ్లు. అయినా ఫుల్ చార్జికి మూడున్నర యూనిట్లు, అంటే పాతిక ముప్పై రూపాయలు. పెట్రోల్ లీటరు 107 దాటిన ఊళ్లో ఇది చాలు నాకు.

కొన్నప్పుడు ఎలక్ట్రిక్ బండ్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చిన ఫేమ్-2 పథకం కింద బ్యాటరీ సామర్థ్యాన్ని బట్టి కిలోవాట్ అవర్‌కి 15 వేల చొప్పున 45 వేలు బిల్లులోనే తగ్గింది, రాష్ట్రం రోడ్ ట్యాక్స్ వదిలేసింది, జీఎస్టీ 5 శాతమే. 2023 జూన్‌లో ఆ 15 వేలు 10 వేలైంది. జూలైలో కొన్న మా బావమరిది ఇప్పటికీ నా బిల్లు చూసి గొణుగుతాడు. తర్వాత 5 వేలు, ఆపైన 2,500. సరే, ఎన్నాళ్లిస్తారులే. కానీ షోరూమ్ నుంచి బండి బయటికి రావడానికి ఇంత లెక్క వేసినవాళ్లు, రాత్రి ఇంటికెళ్లాక అది ఎక్కడ చార్జ్ అవుతుందో ఆలోచించినట్టు లేదు.

మాది మూడో అంతస్తు, బండి సెల్లార్‌లో. మొదటి రెండు నెలలు వాచ్‌మన్ గది 5 ఆంప్స్ ప్లగ్గులో పెట్టుకున్నాను, ఒక రాత్రి వాసనొచ్చి దిగి చూస్తే ప్లగ్గు నల్లగా మాడిపోయింది. 16 ఆంప్స్ పాయింట్ వేసుకుంటానంటే అసోసియేషన్ వాళ్లు ససేమిరా అన్నారు. వాళ్లనీ అనలేం, అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలోనే బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ ఏడాది జనవరిలోనే కేంద్ర విద్యుత్ శాఖ, ఇంటి కనెక్షన్‌తోనే బండి చార్జ్ చేసుకోవచ్చని మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం ప్రింట్ తీసుకెళ్తే సెక్రటరీ గారు కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, "ఇందులో మన సెల్లార్ గురించి ఎక్కడుంది?" అన్నారు. నిజంగానే లేదు! చివరికి నా మీటర్ నుంచి పైపులో వైరు లాగి, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించి, నీళ్లు చేరినా మునగకుండా సాకెట్ నడుమెత్తులో బిగించేసరికి 6,800 అయింది. దీనికి సబ్సిడీ లేదు.

ఫేమ్-2 తర్వాత కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో పబ్లిక్ చార్జర్లకు 2,000 కోట్లు పెట్టారు. కార్లకీ బస్సులకీ కావాల్సిందే. నేను మాత్రం మూడున్నరేళ్లలో బయట చార్జ్ పెట్టింది నాలుగుసార్లు, అందులో ఒకసారి పాయింట్ ముందు ఎవరిదో పెట్రోల్ కారు ఆపి ఉంది. స్కూటర్ రాత్రి ఇంట్లో చార్జ్ కావాలి, అంతే. ఆఫీసులో ప్లగ్గుంటే అదనపు సుఖం.

సొంతిల్లు ఉంటే కళ్లు మూసుకుని కొనుక్కోండి. అపార్ట్‌మెంట్ అయితే బుకింగ్‌కి ముందే మీ మీటర్ నుంచి పార్కింగ్ దాకా వైరు ఎన్ని మీటర్లు పడుతుందో కొలవండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని ముందే అడగండి.

మా సెల్లార్‌లో ఇప్పుడు ఆకుపచ్చ నంబర్ ప్లేటున్న ఎలక్ట్రిక్ బండ్లు ఐదయ్యాయి. కిందటి నెల సెక్రటరీ గారబ్బాయి కూడా ఒకటి తెచ్చాడు, నా ఎలక్ట్రీషియన్ నంబరు అడిగి తీసుకున్నాడు.