అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఎల్‌శాట్ సంపుటి: క్యాట్ గ్రూపింగ్ సెట్లకు పనికొస్తుందా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఐఐఎంలలో ఎంబీఏ ప్రవేశపరీక్ష అయిన క్యాట్‌లో డీఐఎల్‌ఆర్ (సమాచార విశ్లేషణ, తార్కిక పజిళ్ల) విభాగం అంటే గుండె దడ పుట్టేవారు, అందులోనూ మనుషులను జట్లుగా విడగొట్టే గ్రూపింగ్ సెట్ (ఒకే సమాచారం మీద అడిగే కొన్ని ప్రశ్నలు) కనబడగానే కలం కింద పెట్టేసేవారు, ఈ పుస్తకం దొరికితే వదలకండి. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఐదో మార్కు ఎందుకు ఇవ్వలేదో తర్వాత చెబుతాను.

నేను ఇంటర్ పిల్లలకు గణితం చెప్పి పదవీ విరమణ చేశాను. మాది హైదరాబాద్‌లో నల్లకుంట. మా చెల్లెలి కూతురు క్యాట్ రాయడానికి మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఆమె కోసమే ఆదివారం అబిడ్స్‌కు వెళ్లాను. ఆ రోజు దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. అమెరికా వెళ్లేవారికి మన నగరంలో కొదవ లేదు కాబట్టి వాళ్లు వదిలేసిన జీఆర్‌ఈ, టోఫెల్ పుస్తకాలు అక్కడ గుట్టలుగా ఉంటాయి. ఆ గుట్టలో అడుగున దొరికింది ఈ ఎల్‌శాట్ సంపుటి. పది పాత పరీక్షలు పూర్తిగా ఉన్నాయి. రెండు వందలన్నాడు, 120 రూపాయలకు ఇచ్చాడు. “జీఆర్‌ఈ అయితే ఈ ధరకు రాదమ్మా, దీన్ని ఎవరూ అడగడం లేదు” అన్నాడు అమ్మే అబ్బాయి.

ఎవరూ అడగకపోవడానికి కారణం ఉంది. ఎల్‌శాట్ అమెరికాలో న్యాయ కళాశాలల ప్రవేశపరీక్ష. అందులో అనలిటికల్ రీజనింగ్ అని ఒక విభాగం ఉండేది. రాసేవాళ్లు దాన్ని లాజిక్ గేమ్స్ అనేవారు. 35 నిమిషాల్లో నాలుగు పజిళ్లు, వాటి మీద 22 నుంచి 24 దాకా ప్రశ్నలు. కొన్ని పజిళ్లలో మనుషులను వరసలో నిలబెట్టాలి, కొన్నింటిలో జట్లుగా పంచాలి, కొన్నింటిలో రెండూ చేయాలి. బొమ్మ గీసుకోకుండా వీటిని సాధించడం చాలా కష్టం. చూపు లేని అభ్యర్థులు ఇది తమకు అన్యాయమని కోర్టుకెక్కారు, 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుంచి ఆ విభాగాన్నే తీసేశారు. ఆ నిర్ణయం నాకు న్యాయంగానే తోచింది. అయితే దానివల్ల ఎంతో శ్రద్ధగా తయారుచేసిన ఈ పజిళ్లు అక్కడివారికి అక్కరకు రాకుండా పోయాయి. మన పిల్లలకు మాత్రం ఇంకా అక్కర ఉంది.

ఎందుకంటే క్యాట్‌లో డీఐఎల్‌ఆర్ అలాగే ఉంది. 2020కి ముందు దానికి గంట సమయం ఇచ్చేవారు, ఇప్పుడు 40 నిమిషాలే. 2024లో ఆ విభాగంలో 22 ప్రశ్నలు వచ్చాయి, ఐదు సెట్లుగా. అంత తక్కువ సమయంలో సెట్ చదివి, పట్టిక గీసి, మొదటి గడి నింపే చోటే పిల్లలు ఆగిపోతున్నారు. మా అమ్మాయి చేరిన కోచింగ్ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. వాళ్లిచ్చిన పుస్తకాలు చూసి నాకు బాధ కలిగింది. ప్రతి సెట్ కిందా నింపేసిన పట్టిక ఒకటి ముద్రించారు. ఆ పట్టికలో మొదటి గడి ఏ షరతు నుంచి వచ్చింది, రెండోది ఎందుకు వచ్చింది అన్నది ఎక్కడా లేదు. లెక్కల మాస్టారు బోర్డు మీద జవాబు రాసి చేతులు దులుపుకుంటే పిల్లలకు ఏమి వస్తుంది? అమ్మాయి ఆ పట్టికలు చూసి “అర్థమైంది పెద్దమ్మా” అనేది. కొత్త సెట్ ఇస్తే మళ్లీ అదే తెల్లమొహం.

ఈ సంపుటిలో వివరణలు అసలే లేవు, చివర జవాబుల అక్షరాలు మాత్రమే ఉన్నాయి. చాలామంది దీన్ని లోపం అంటారు. నాకు ఇదే నచ్చింది. దారి మనమే వెతుక్కోవాలి, వెతికితే తప్పక దొరికేలా పజిల్ కట్టారు. అనవసరమైన షరతు ఒక్కటి ఉండదు, రెండర్థాలు వచ్చే వాక్యం ఉండదు. మనుషుల పేర్లు కూడా ఒక్కొక్కటీ వేరే అక్షరంతో మొదలవుతాయి, పొడి అక్షరాలతో రాసుకోవడానికి వీలుగా. పజిల్ తయారుచేసినవాళ్లు పరీక్ష రాసేవాళ్ల కాగితం గురించి కూడా ఆలోచించారు!

ఆ పుస్తకంలోని పజిల్‌ను ఇక్కడ దించకుండా, ఆ పద్ధతిలో నేను మా అమ్మాయికి కట్టి ఇచ్చినదాన్ని చెబుతాను.

అనిత, భాస్కర్, చంద్రం, దుర్గ, ఈశ్వర్, ఫాతిమా, గిరి ఏడుగురు. వారిలో సరిగ్గా నలుగురు గోల్కొండకు, ముగ్గురు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాలి. షరతులు మూడే. అనిత గోల్కొండకు వెళ్తే భాస్కర్ సాలార్‌జంగ్‌కు వెళ్లాలి. చంద్రం, దుర్గ ఒకేచోటికి వెళ్లాలి. ఈశ్వర్, ఫాతిమా వేర్వేరు చోట్లకు వెళ్లాలి.

మా అమ్మాయి వెంటనే అనితను గోల్కొండలో పెట్టి, తర్వాత ఏమవుతుందో చూడడం మొదలుపెట్టింది. కోచింగ్‌లో నేర్పింది అదే: ఒకటి అనుకో, కుదరకపోతే మార్చు. నేను ఆపాను. పెళ్లిలో ఎన్ని ఆకులు వేశారో చూడకుండా ఎవరైనా చుట్టాలను పంక్తికి పిలుస్తారా? ముందు ఖాళీలు లెక్కపెట్టాలి.

ఈశ్వర్, ఫాతిమా వేర్వేరు చోట్ల ఉంటారు కాబట్టి, ఎవరు ఎటు వెళ్లినా, రెండు చోట్లా ఒక్కో ఖాళీ నిండిపోతుంది. గోల్కొండలో మూడు, సాలార్‌జంగ్‌లో రెండు మిగులుతాయి. ఇప్పుడు జంటగా కదిలే చంద్రం, దుర్గలను చూడాలి. వాళ్లు సాలార్‌జంగ్‌కు వెళ్తే అక్కడి రెండు ఖాళీలూ వాళ్లతోనే సరి. అప్పుడు అనిత, భాస్కర్, గిరి ముగ్గురూ గోల్కొండకే వెళ్లాలి. కాని అనిత, భాస్కర్ కలిసి గోల్కొండలో ఉండకూడదు. అంటే చంద్రం, దుర్గ తప్పనిసరిగా గోల్కొండకే వెళ్తారు. ఏ ఒక్క షరతూ ఈ మాట నేరుగా చెప్పలేదు, మూడు షరతులూ ఖాళీల లెక్కతో కలిసి చెప్పాయి. ఇక గోల్కొండలో మిగిలింది ఒకే ఖాళీ. దాన్ని అనిత, భాస్కర్, గిరిలలో ఎవరితోనైనా నింపవచ్చు, మిగతా ఇద్దరూ సాలార్‌జంగ్‌కు. మూడు విధాలు. ఈశ్వర్, ఫాతిమాలకు రెండు విధాలు. మొత్తం 6.

ఇక్కడే పిల్లలు ఎక్కువగా జారిపడే చోటు ఒకటి ఉంది. అనిత గోల్కొండలో ఉంటే భాస్కర్ సాలార్‌జంగ్‌లో ఉండాలన్నారు. అందువల్ల అనిత సాలార్‌జంగ్‌కు వెళ్తే భాస్కర్ గోల్కొండకు వెళ్లి తీరాలని అనుకుంటారు. ఎవరు చెప్పారు? గిరి గోల్కొండకు వెళ్లినప్పుడు అనిత, భాస్కర్ ఇద్దరూ సాలార్‌జంగ్‌లోనే ఉంటారు, ఏ షరతూ చెడదు. ఆ షరతు నుంచి నిజంగా వచ్చేది ఒకటే: భాస్కర్ గోల్కొండలో ఉంటే అనిత సాలార్‌జంగ్‌లో ఉండాలి. తెలుగు మాధ్యమంలో పాత పదో తరగతి గణితం చదివినవారికి గుర్తుండే ఉంటుంది, ప్రవచనాల పాఠంలో దీన్నే ప్రతివర్తితం అని చదివించేవాళ్లం. విలోమం (పిల్లలు పొరపాటున అనుకునేది) వేరు, ప్రతివర్తితం వేరు అని సత్యపట్టికలతో ఎన్ని తరగతులకు చెప్పానో! పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేసే ఆ పాఠానికి నిజమైన ప్రయోజనం ఈ పుస్తకంలో కనబడింది. దాదాపు ప్రతి గ్రూపింగ్ పజిల్‌లోనూ ఇలాంటి షరతులే ఉంటాయి. ప్రతిదాని పక్కన దాని ప్రతివర్తితం కూడా రాసుకోమని పట్టుబట్టాను. కొన్నాళ్లకు చెప్పక్కర్లేకుండానే రాయడం మొదలుపెట్టింది.

ప్రశ్నలు వేసే తీరు కూడా చూడదగ్గది. చాలా పజిళ్లలో మొదటి ప్రశ్న ‘కింది వాటిలో ఏ అమరిక కుదురుతుంది’ అని ఉంటుంది. ఐదు అమరికలు ఇస్తారు. ఒక్కో షరతు పట్టుకుని ఐదింటినీ చూసుకుంటూ పోతే చెడ్డవి రాలిపోయి ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన అమరికను చెరిపేయకూడదు. తర్వాతి ప్రశ్నల్లో ‘ఫలానావారు ఫలానాచోట ఉండే వీలుందా’ అని అడిగినప్పుడు దానివైపు ఒకసారి చూస్తే చాలు, కొన్ని ప్రశ్నలకు లెక్క చేయకుండానే జవాబు వచ్చేస్తుంది. ‘తప్పనిసరిగా నిజం’, ‘నిజం కావచ్చు’, ‘ఎప్పటికీ నిజం కాదు’ అనే మూడింటి మధ్య తేడా చేతికి అలవాటయ్యేది కూడా ఇక్కడే. ఒక్కో ప్రశ్నలో సరైన జవాబు మాత్రమే చెబితే ఒప్పుకోలేదు నేను. మిగతా నాలుగు ఎందుకు తప్పో చెప్పాలన్నాను. “ఇంత గట్టిగా మా కోచింగ్ సార్ కూడా అడగరు పెద్దమ్మా” అని విసుక్కుంది, కాని చెప్పింది.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు సంగతి. ఈ పజిళ్లలో అంకెలు దాదాపు ఉండవు. క్యాట్ సెట్లలో మనుషులను పంచడంతో పని అయిపోదు. వాళ్ల మార్కులో, ఖర్చులో, ఓట్లో కూడా లెక్క తేల్చాలి. తెర మీద కాల్‌క్యులేటర్ ఇస్తారంటేనే తెలుస్తోంది కదా. పైగా ఎల్‌శాట్‌లో ఐదు ఆప్షన్లు ఉంటాయి, తప్పు జవాబుకు మార్కు పోదు. క్యాట్‌లో ఆప్షన్లున్న ప్రశ్నకు నాలుగే ఉంటాయి, సరైతే మూడు మార్కులు, తప్పైతే ఒకటి పోతుంది. ఆప్షన్లే లేకుండా జవాబు టైపు చేయాల్సిన ప్రశ్నలు కూడా ఉంటాయి, వాటికి మాత్రం కోత లేదు. నేను పైన చెప్పిన పజిల్‌లో ‘మొత్తం ఎన్ని విధాలు’ అని అడిగితే 6 అని మనమే తేల్చి టైపు చేయాలి, ఆప్షన్లలోంచి వెనక్కి వచ్చే దారి ఉండదు. ఆ అభ్యాసం ఈ పుస్తకం ఇవ్వదు.

అంతకంటే పెద్ద లోటు సెట్ల ఎంపిక. ఎల్‌శాట్‌లో నాలుగు పజిళ్లూ చేయగలిగేలానే ఉండేవి. క్యాట్‌లో ఐదు సెట్లలో ఏది పట్టాలి, ఏది వదలాలి అన్నది సగం యుద్ధం. దానికి ఐఐఎంలు క్యాట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టే మాదిరి పరీక్ష, పాత ప్రశ్నపత్రాలే దారి. మేము చేసింది ఇది: వారం మధ్యలో ఎల్‌శాట్ పజిళ్లు, గడియారం లేకుండా, కాగితం మీద నింపాదిగా. వారాంతంలో పాత క్యాట్ సెట్లు, కంప్యూటర్ ముందు 40 నిమిషాలు పెట్టుకుని. పరీక్ష కేంద్రంలో కలం, రఫ్ కాగితాలు వాళ్లే ఇస్తారు, పజిల్ తెర మీద ఉంటుంది, పట్టిక కాగితం మీద గీయాలి. తల ఎత్తుతూ దించుతూ చేసే ఆ పనికి కళ్లు కూడా అలవాటు పడాలి. అందుకే ఎల్‌శాట్ పజిళ్లను పుస్తకంలో గీతలు గీయకుండా వేరే కాగితం మీదే చేయించాను.

ఇతర పరీక్షలవారికి రెండు ముక్కలు. ఐసెట్ (తెలుగు రాష్ట్రాల ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశపరీక్ష) మాత్రమే రాసేవారికి ఈ సంపుటి అవసరం లేదు. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అక్కడ వేగమే ముఖ్యం. క్లాట్ (మన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశపరీక్ష) రాసేవారు న్యాయ పరీక్ష పుస్తకం కదా అని మోసపోవద్దు. 2020 నుంచి క్లాట్‌లో లాజికల్ రీజనింగ్ పేరాగ్రాఫ్‌ల మీదే నడుస్తోంది. వాళ్లకు పనికొచ్చేది ఇందులోని వాద విశ్లేషణ విభాగం, పజిళ్లు కావు.

కొనేటప్పుడు రెండు చూసుకోండి. మొదటిది, జవాబుల పేజీలు. ఫుట్‌పాత్ పుస్తకాల్లో ముందుగా ఊడేవి చివరి కాగితాలే. రెండోది, పాత యజమాని రాతలు. పజిల్ కింది ఖాళీ స్థలంలో పెన్సిల్‌తో గీసిన పట్టికలు ఉంటే రబ్బరుతో చెరుపుకోవచ్చు. పెన్నుతో జవాబులు చుట్టేసి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు, కన్ను ముందు అక్కడికే పోతుంది. నాకు దొరికిన ప్రతిలో మూడు పరీక్షలు పెన్సిల్‌తో నిండి ఉన్నాయి, మిగతా ఏడూ కొత్తవే. అబిడ్స్‌లో దొరకకపోతే కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో అడగండి, అక్కడ ధర కొంచెం ఎక్కువ చెబుతారు. రెండు వందల యాభై దాకా పెట్టవచ్చు. వీలైతే 1990ల నాటి సంపుటి కూడా ఒకటి వెతకండి, నేను కూడా అదే వెతుకుతున్నాను. ఉన్న నలభై పజిళ్లలో గ్రూపింగ్‌వి మా అమ్మాయి దాదాపు పూర్తి చేసేసింది, ఇంకా కావాలంటోంది.