స్పీకర్ కింద రాయి మేలా, రబ్బరు మేలా?

విజయనగరంలో మాది మేడ మీద పోర్షన్. స్పీకర్లు రెండూ చాలా కాలం చెక్క షోకేస్ మీదే ఉండేవి. ఫిడేలు కచేరీ పెడితే మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ వైపు) మీద దెబ్బ పడినప్పుడల్లా బుమ్మని సాగేది. షోకేస్ పలక మీద అరచెయ్యి ఆనిస్తే జివ్వుమని తగిలేది, లోపల స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. 1919లో సంగీత కళాశాల వెలిసిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పిన ఊరు. ఇక్కడుండి కచేరీ అలా మసకగా వినడానికి మనసొప్పలేదు.

స్పీకర్‌లో గాలిని కదిపే గరాటు లాంటి పొర, అంటే కోను, ముందుకు తోసిన ప్రతిసారీ స్పీకర్ పెట్టె వెనక్కి తన్నుకుంటుంది. ఆ కుదుపు కిందికి చేరితే డొల్లగా ఉన్న షోకేసే ఇంకో స్పీకర్ అవుతుంది.

ముందు రాయి పెట్టి చూశాను. టెక్కలి నీలి గ్రానైట్ మనకి దగ్గరే. అడుగు చదరం, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక దాదాపు 5 కిలోలు తూగుతుంది. ఆ బరువుకి పెట్టె ఊగడం తగ్గింది కానీ షోకేస్ మోత పూర్తిగా పోలేదు. రాయి కుదుపుని మింగదు, మిగిలినదాన్ని కిందికి పంపేస్తుంది.

రబ్బరు దారి వేరు. అది స్ప్రింగులా పనిచేసి కుదుపుని మధ్యలోనే ఆపుతుంది, అయితే బరువుకి తగ్గ రబ్బరు కావాలి. స్ప్రింగు లెక్కన, పైన బరువుకి రెండున్నర మిల్లీమీటర్లు కుంగితే దాని సొంత ఊపు సెకనుకి 10 సార్లు ఉంటుంది. అప్పుడు సుమారు 14 హెర్ట్జ్‌కి (సెకనుకి 14 సార్లకి) పైన ఉన్న కంపనాలు తగ్గుతాయి. అసలు కుంగకపోతే రబ్బరు ఉన్నా లేనట్టే. పూర్తిగా అణిగిపోయినా అంతే. నేను మొదట తెచ్చిన గట్టి ముక్కలు పిసరంత కూడా కుంగలేదు, డబ్బులు దండగ. మెత్తనివి నాలుగు మూలలా పెట్టాక తొప్పి దెబ్బ పడి, అక్కడే ఆగింది. మర్నాడు కింద పోర్షన్ మామ్మగారు "పాటలు మానేసినావేటి బాబూ?" అని అడిగారు.

మొనదేలిన మేకుల కాళ్లు తివాచీ పరిచిన నేల మీద స్పీకర్‌ని కదలకుండా నిలబెడతాయి. టైల్స్ మీదైతే గీతలు పడతాయి, మేడ మీదైతే మోత నేరుగా శ్లాబులోకి దిగుతుంది. మా ఇంటికి అవి వద్దు.

నేల మీద కట్టిన ఇల్లయితే, గట్టి స్టాండు ఉంటే, రాయి చాలు. మేడ మీదా, షోకేస్ మీదా అయితే రబ్బరే. రెండూ దొరికితే కింద మెత్తటి రబ్బరు, దాని మీద రాయి, ఆపైన స్పీకర్. ఆ 5 కిలోలు కూడా కలుపుకుని రబ్బరు ఎంచుకోవాలి.

వీటన్నిటికీ ముందు స్పీకర్‌ని గది మూలలోంచి బయటికి లాగండి. గోడలు రెండూ కలిసి బేస్‌ని, అంటే మంద్ర ధ్వనిని, పెంచేస్తాయి, ఆ మోతకి కింద ఏం పెట్టినా మందు కాదు. మావి ఇప్పుడు గోడకి రెండడుగుల ఇవతల, కూర్చుంటే ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తుకి వచ్చేలా ఉన్నాయి.