నీట్ పిల్లల తల్లిదండ్రులూ జాగ్రత్త: ‘ప్రొఫైల్ బలపడుతుంది’ అని డిప్లొమా అంటగడుతున్నారు

తిరుపతిలో ఎంబీబీఎస్ సీటు కోసం కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్న అమ్మానాన్నలు, అన్నలు, అక్కలు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నీట్‌లో మార్కులు తక్కువ వచ్చిన పిల్లలకు ‘ఒక ఏడాది ప్రీ మెడికల్ డిప్లొమా చేయించండి, అప్లికేషన్ బలపడుతుంది, సీటు దగ్గరవుతుంది’ అని చెప్పిన ఒక కన్సల్టెన్సీకి మేం 1,60,000 రూపాయలు కట్టాం. డబ్బు పోయింది. అంతకు మించి మా చెల్లెలి ఏడాది పోయింది. ఎంబీబీఎస్ అడ్మిషన్‌లో ఆ డిప్లొమాకు ఒక్క మార్కు విలువ కూడా లేదు. మన రాష్ట్రంలోనే కాదు, దేశంలో ఎక్కడా లేదు.

ఆ కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇదే మాట చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి పేరు కన్నా ఆ మాటను గుర్తుపెట్టుకుంటేనే మీకు ఉపయోగం.

మాది దామలచెరువు దగ్గర పల్లె. నాన్నకు తోతాపురి మామిడి తోట ఉంది, నేను రేణిగుంటలో ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా చెల్లెలు ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. 2024 నీట్‌లో 402 వచ్చాయి. ఆ ఏడాది సంగతి మీకు తెలుసు, మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. అంత పోటీలో 402కి కన్వీనర్ సీటు మాకు అందేది కాదు. ఇంట్లో అందరం దిగులు పడిపోయాం. తెలిసినవాళ్లు ఎవరో చెబితే నాన్న, నేను, చెల్లెలు ముగ్గురం ఆ ఆఫీసుకు వెళ్లాం.

అక్కడ కూర్చున్నాయన మొదట అడిగింది మార్కులు. 402 అని చెప్పగానే కాగితం మీద 162 అని రాసి గుండ్రంగా చుట్టాడు. ఆ ఏడాది జనరల్‌కు అర్హత మార్కు 162. “చూడండి పెద్దాయనా, మీ పాపకు కటాఫ్‌కి రెట్టింపు పైనే వచ్చింది. మార్కుల సమస్య కాదిది. ప్రొఫైల్ వీక్‌గా ఉంది, అంతే. ప్రొఫైల్ బిల్డ్ చేద్దాం” అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

162 వస్తే కౌన్సెలింగ్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, అంతవరకే. అర్హత వేరు, సీటు వేరు. అర్హత వచ్చినవాళ్లు లక్షల్లో ఉంటారు, వాళ్లలో ర్యాంకు వరుసలో పైనున్నవాళ్లకే సీటు. ఎవరైనా మీకు అర్హత మార్కు చూపించి ‘దాటేశారు’ అని మాట మొదలుపెడితే అక్కడే లేచి వచ్చేయండి.

ఆయన చెప్పినవి మూడు. ఒకటి, ఈ డిప్లొమా ఉంటే ప్రైవేటు కాలేజీల బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీట్లకు వెయిటేజీ ఉంటుంది. రెండు, విదేశాల్లో చేరితే మొదటి ఏడాది మినహాయింపు వస్తుంది. మూడు, పక్కనే దూరవిద్యలో బీఎస్సీ కూడా కడితే ‘అకడమిక్‌గా స్ట్రాంగ్’ అవుతుంది. మూడో దానికి మేం ఒప్పుకోలేదు, డబ్బులు లేక. మొదటి రెండూ నమ్మాం. ఆ జూలైలో కాయ అమ్మిన డబ్బులోంచి 90,000, నవంబరులో మరో 70,000 కట్టాం.

రసీదు గురించి కాస్త వివరంగా చెబుతాను. గులాబీ రంగు కాగితం, కార్బన్ పెట్టి రాసింది. ‘దేని నిమిత్తం’ అన్న గీత మీద ‘కన్సల్టెన్సీ సర్వీస్ ఛార్జీలు’ అని ఉంది. డిప్లొమా పేరు లేదు, కోర్సు కాలం లేదు. అడుగున చిన్న అక్షరాల్లో ‘ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అని ముద్ర. ఆ రోజు ఆ ముద్రను చూసి కూడా ఆఫీసు పద్ధతి అలా ఉంటుందేమో అనుకున్నాం. ఆ మాట అలా రాయడంలో మతలబు ఉందని తర్వాత అర్థమైంది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో తిరిగి ఇవ్వాలన్నది అందులో ఒకటి. రసీదు మీద కోర్సు అని రాస్తే కదా ఆ ప్రశ్న వచ్చేది. మేం తిరిగి అడిగినప్పుడు వాళ్లు చెప్పింది కూడా అదే: మేం కోచింగ్ ఇవ్వలేదు, సలహా ఇచ్చాం.

క్లాసులు వారానికి మూడు రోజులు. ఎముకల పేర్లు, ప్రథమ చికిత్స, ఇంగ్లీషు మాట్లాడటం. చెల్లెలు రోజూ బస్సులో వచ్చి వెళ్లేది. వచ్చేసరికి రాత్రి అయ్యేది, ఇక నీట్ పుస్తకాలు తీసే ఓపిక ఉండేది కాదు. ‘ఎలాగూ వెయిటేజీ ఉందిగా’ అన్న ధీమా కూడా ఉండేది, అది దాని తప్పు కాదు. 2025 మే 4న మళ్లీ పరీక్ష రాసింది. ఫిజిక్స్ పేపర్ ఎంత కష్టంగా వచ్చిందో రాసిన పిల్లలందరికీ తెలుసు. 301 వచ్చాయి.

అప్పటికీ మాకు ఆశ చావలేదు, డిప్లొమా ఉంది కదా అని. యూనివర్సిటీ కౌన్సెలింగ్ దరఖాస్తు నింపడానికి బాలాజీ కాలనీలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాం. ఆ సెంటర్ అబ్బాయి ఒక్కొక్కటీ అడుగుతూ నింపుతున్నాడు. నీట్ వివరాలు, పదో తరగతి, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం. చెల్లెలు నీలం రంగు ఫైలు తెరిచి, హోలోగ్రామ్ అంటించిన డిప్లొమా సర్టిఫికెట్ తీసి ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. స్క్రీన్ పైకీ కిందికీ జరిపాడు. “ఇది ఎక్కడ పెట్టాలక్కా? దీనికి కాలమ్ లేదే” అన్నాడు. చెల్లెలు ఏం మాట్లాడలేదు. సర్టిఫికెట్‌ను మళ్లీ ప్లాస్టిక్ కవర్లోకి దోపింది. చేతులు వణుకుతున్నాయి, లోపలికి పోవడం లేదు. నేను తీసుకుని పెట్టాను.

అవును, కాలమ్ లేదు. ఉండదు కూడా. ప్రభుత్వ సీటైనా, ప్రైవేటులో కన్వీనర్ సీటైనా, బి కేటగిరీ అయినా, ఎన్నారై (సి కేటగిరీ) సీటైనా నీట్ అర్హత లేనిదే లేదు. మన రాష్ట్రంలో బి, సి కేటగిరీలను కూడా డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమే నీట్ ర్యాంకుతో కౌన్సెలింగ్ పెట్టి నింపుతుంది. ఇంటర్వ్యూ లేదు, ప్రొఫైల్ చూసే మనిషి లేడు. ఇంటర్ మార్కులకు కూడా వెయిటేజీ లేదు. జనరల్ వాళ్లకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం, రిజర్వేషన్ వాళ్లకు 40 శాతం ఉండాలి, అంతే. బీఎస్సీ చేసినా, ఎమ్మెస్సీ చేసినా ఎంబీబీఎస్ ర్యాంకు ఒక్క మెట్టు కూడా పైకి జరగదు.

మరి ఈ ‘ప్రొఫైల్’ మాట ఎక్కడిది? మా పెదనాన్న కూతురు అమెరికాలో ఉంటుంది. ఫోన్‌లో ఇదంతా చెబితే ఆమె ఒకటే మాట అంది: “తమ్ముడూ, వాళ్లు ఇక్కడి పద్ధతిని తెచ్చి అక్కడ అమ్ముతున్నారు.” అమెరికాలో మామూలుగా ముందు నాలుగేళ్ల డిగ్రీ చేస్తారు, తర్వాత ఎంక్యాట్ అనే పరీక్ష రాస్తారు, దాని మార్కులు 472 నుంచి 528 దాకా ఉంటాయి. డిగ్రీ జీపీఏ (మార్కుల సగటు), ఆ స్కోరు, ఆసుపత్రి అనుభవం, ఇంటర్వ్యూ అన్నీ కలిపి చూస్తారు. అందుకని అక్కడ అప్లికేషన్ బలహీనంగా ఉన్నవాళ్లు డిగ్రీ తర్వాత ఇంకో ఏడాదో రెండేళ్లో చదవడం నిజంగానే ఉంది. పోస్ట్ బాకలారియెట్ కోర్సులు, స్పెషల్ మాస్టర్స్ అంటారట.

అక్క ఇంకో సంగతి చెప్పింది, నాకు అదే బాగా పట్టుకుంది. అక్కడ కూడా ఏ చదువైనా పనికొస్తుందని కాదు. అప్లికేషన్లు తీసుకునే వ్యవస్థలో డిగ్రీ జీపీఏ వేరుగా, మాస్టర్స్ జీపీఏ వేరుగా లెక్కేస్తారు. ఎంత బాగా మాస్టర్స్ చేసినా పాత డిగ్రీ జీపీఏ పెరగదు. డిగ్రీ స్థాయి కోర్సులే మళ్లీ తీసుకుంటే అవి డిగ్రీ లెక్కలో కలుస్తాయి. ఇక తక్కువైంది ఎంక్యాట్ స్కోరే అయితే మాస్టర్స్‌కు డబ్బు పోయడం దండగ, మళ్లీ పరీక్షకు చదవాలి. లోటు ఎక్కడుందో చూసుకోకుండా ఫీజు కట్టి దెబ్బతిన్నవాళ్లు అక్కడా ఉన్నారని చెప్పింది.

అది విన్నాక ఆ రాత్రి చెల్లెలి రెండేళ్ల మార్కుల కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాం. 2024లో బయాలజీ 268, కెమిస్ట్రీ 92, ఫిజిక్స్ 42. 2025లో బయాలజీ 221, కెమిస్ట్రీ 64, ఫిజిక్స్ 16. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలు, 180 మార్కులు. తప్పుకు ఒక మార్కు పోతుంది కదా, దానికి భయపడకుండా తోచింది పెట్టేసింది. బలహీనత మా ఇంట్లోనే, కాగితం మీదే ఉంది. ఆ ఆఫీసులో మేం కూర్చున్న గంటలో ఫిజిక్స్ ఎంత అని ఒక్కరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

విదేశాల మాట ఇంకా ప్రమాదం. అదృష్టం కొద్దీ మేం అంతదూరం పోలేదు. ‘ఏడాది తగ్గుతుంది’ అంటే సంతోషించకండి, భయపడండి. 2021 నవంబరులో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) నిబంధనల ప్రకారం విదేశీ ఎంబీబీఎస్ కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి, చదువంతా ఒకే సంస్థలో సాగాలి, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇక్కడికొచ్చి మళ్లీ 12 నెలలు. ఆ దేశంలో ప్రాక్టీసు చేయడానికి కావలసిన అర్హత కూడా రావాలి. ఇక్కడ చేసిన డిప్లొమాతో అక్కడ ఏడాది కోయించుకుంటే ఆ 54 నెలలు ఎలా నిండుతాయి? ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్ అనే డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ (అక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) అన్న పద్ధతిలో చేరిన పిల్లలకు ఈ లెక్క దగ్గరే చిక్కొచ్చింది. నాలుగేళ్లంటే 48 నెలలే కదా. అన్నీ సరిపోయినా తిరిగొచ్చి, విదేశాల్లో చదివినవాళ్లకు ఇక్కడ పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి. విదేశాలకు వెళ్లడానికి కూడా నీట్ అర్హత తప్పనిసరి.

అదనపు చదువు నిజంగా పనికొచ్చే సందర్భం నాకు తెలిసి ఒకటుంది. ఎంపీసీ చదివిన పిల్లలు తర్వాత గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చని 2023 నవంబరులో ఎన్ఎంసీ చెప్పింది. అది అర్హత కోసం చేసే చదువు. దాని వల్ల మార్కులు కలవవు.

మిగతావాళ్లకు ఉన్న దారి మళ్లీ నీట్ రాయడమే. గరిష్ఠ వయసు లేదు, ఇన్నిసార్లే రాయాలని లేదు. అలాగని అందరూ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరాలని నేను అనను. రెండుసార్లు రాసిన మార్కుల్లో సబ్జెక్టు వారీగా ఎంత పోతోందో చూడండి. బయాలజీ బాగుండి ఒక్క ఫిజిక్స్ దగ్గరే మునుగుతుంటే ఇంకో ఏడాదికి అర్థం ఉంది. మూడింటిలోనూ అదే స్థాయిలో ఆగిపోయి, చదివే పిల్లకే విసుగొచ్చి ఉంటే బలవంతం చేయొద్దు. మా చెల్లెలిని అడిగాం. ఇంకొక్కసారి రాస్తానంది. ఇప్పుడు పొద్దున నాలుగున్నరకు లేచి మొదట ఫిజిక్స్ లెక్కలే చేస్తోంది.

‘వెయిటేజీ ఉంది’ అని ఎవరైనా చెబితే ఏ నోటిఫికేషన్‌లో, ఏ పేజీలో ఉందో చూపించమనండి. వాళ్ల లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టమనండి. మేం చివర్లో అడిగాం. “నమ్మకం లేకపోతే ఎలా సార్?” అన్నారు గానీ కాగితం ఇవ్వలేదు. ఆ మాట డబ్బు కట్టకముందు అడిగుంటే మాకు ఈ రాత ఉండేది కాదు.

ఇప్పటికే కట్టినవాళ్లు సిగ్గుపడి ఊరుకోకండి. మేం ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. 5 లక్షల లోపు అయితే కమిషన్‌లో ఫీజు ఉండదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, పాంప్లెట్, క్లాసుల టైమ్ టేబుల్ అన్నీ పనికొస్తున్నాయి. చెల్లెలు టైమ్ టేబుల్‌ను నోట్‌బుక్ అట్టకు అంటించి ఉంచింది కాబట్టి వాళ్లు నడిపింది కోర్సేనని చూపించడానికి మాకు ఒక ఆధారం దొరికింది.

ఆ బ్యాచ్‌లో మా చెల్లెలితో పాటు ఇంకో ఇరవై మంది దాకా ఉండేవాళ్లు, పుత్తూరు, పీలేరు, చిత్తూరు వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు. మీ ఇంట్లో కూడా అలాంటి గులాబీ రసీదు ఉంటే పారేయకండి. కార్బన్ అక్షరాలు తొందరగా మాసిపోతున్నాయి, మా రెండో రసీదు మీద అంకె ఇప్పటికే సగం చెరిగింది. ఈ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.