నల్ల గేదెకు తెల్ల రిఫ్లెక్టర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా మావయ్య ముర్రా గేదెలు కొని అమ్ముతాడు. ఉయ్యూరు పక్కన ఊరు. ఇదివరకు బేరాలు సంతలోనో, కొట్టం దగ్గరో జరిగేవి. ఇప్పుడు ముందు వాట్సాప్‌లో ఫోటో అడుగుతున్నారు, నచ్చితేనే బండెక్కి వస్తున్నారు. కెమెరా ఉన్న పాపానికి ఆ ఫోటోల పని నా మీద పడింది. మొదటి వారం పంపిన ఫోటో చూసి గుంటూరు వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "ఏవండీ, గేదె ఫోటో అడిగితే గేదె నీడ పంపించారే?" అన్నాడు. కాదనడానికి లేదు. పచ్చటి చేను, తెల్లటి ఆకాశం, మధ్యలో గేదె ఆకారంలో ఒక చిల్లు.

అప్పుడు కొన్నాను ఈ మడత రిఫ్లెక్టర్, అంటే వెలుతురును తిప్పి మనం తీసేదాని మీద పడేసే బట్ట పలక. 110 సెంటీమీటర్ల గుండ్రం, పదకొండు వందల చిల్లర. కంపెనీ పేరు రాయను, ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. లోపల వెలుతురు పోనిచ్చే తెల్ల బట్ట, పైన జిప్పు తొడుగు. తొడుగు తిప్పుకుంటే వెండి, బంగారు, తెలుపు, నలుపు.

మొదటి ఏడాది దీన్ని తప్పుగా వాడాను. నల్లది కాబట్టి వెలుతురు చాలదు, కాబట్టి వెండి వైపుతో గట్టిగా కొట్టాలి అనుకున్నాను. కిందనుంచి ఎండ మొహం మీద పడేసరికి రెండో ఈత గేదె ఒకటి బెదిరి గుంజ పీకినంత పని చేసింది. ఫోటోలో కూడా చర్మం మీద తెల్లటి మచ్చలు, మిగతాదంతా మళ్లీ చీకటే.

అసలు విషయం హైదరాబాద్‌లో సదర్, అంటే దున్నపోతుల్ని అలంకరించి ఊరేగించే పండుగ, చూసినప్పుడు బుర్రకెక్కింది. నారాయణగూడలో రాత్రిపూట, నూనె పట్టించి నిగనిగలాడే దున్నపోతులు. అంత చీకట్లోనూ ఫోన్‌తో తీసిన ఫోటోల్లో వాటి కండలన్నీ కనబడ్డాయి. ఎందుకా అని పెద్దది చేసి చూస్తే, ఒళ్లంతా లైట్ల తోరణాలు ప్రతిఫలిస్తున్నాయి. వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు మీద కిటికీ కనబడుతుంది చూడండి, అదే సంగతి. నలుపు తన రంగు చూపించదు, ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. ఎదురుగా ఏమీ లేకపోతే మనకూ ఏమీ కనబడదు.

అప్పటినుంచి నేను వాడేది తెలుపు వైపే. కిందనుంచి కాదు, పక్కనుంచి. పొద్దున్న ఆరున్నర, ఏడు మధ్య గేదెను కొట్టం నీడ అంచున నిలబెడతాం. పనిచేసే కుర్రాడు రిఫ్లెక్టర్‌ను మీటరున్నర దూరంలో, డొక్క ఎత్తున నిలువుగా పట్టుకుంటాడు. వాడు అర అడుగు ముందుకు జరిగితే చాలు, భుజం దగ్గర మొదలైన వెండి గీత ఒకటి పక్కటెముకల మీదుగా పాకుతూ డొక్కలోకి దిగుతుంది. ఇంకొంచెం వంచితే పొట్ట కింద వంకరటింకరగా పాలనరం, అంటే పొదుగు దగ్గర్నుంచి ముందుకు సాగే లావు రక్తనాళం, తేలుతుంది. కొనేవాళ్లు చూసేది దాన్నే, పొదుగునూ. "ఆగరా, అక్కడే ఆగు!" అని అరిచేది ఆ క్షణంలోనే.

రిఫ్లెక్టర్ ఉన్నా కెమెరా మాట పూర్తిగా నమ్మకూడదు. ఫ్రేమ్ నిండా గేదె ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని బూడిద రంగుకు లాగుతుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు తగ్గిస్తాను. వెనక ఆకాశం ఎక్కువగా ఉంటే కథ తిరగబడుతుంది, ప్లస్ 1 పెట్టాల్సిందే. నన్నడిగితే ఆకాశాన్ని అసలు రానివ్వకండి. నీడలో ఉన్న గడ్డివామి వెనక ఉంటే చాలు, నల్ల అంచు శుభ్రంగా విడిపోతుంది. ఫోకస్ డొక్క మీద పెడితే లెన్స్ అటూ ఇటూ వెతుక్కుంటుంది, పట్టుకోవడానికి అక్కడ గీతే లేదు. కంటి అంచు మీదో, ముకుతాడు మీదో పెడితే టక్కున పడుతుంది. నీడలో తీసినప్పుడు నలుపు నీలంగా వస్తుంది, కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను షేడ్‌కు (నీడకు) మార్చుకోవాలి. తర్వాత దిద్దుకోవడానికి వీలుగా రా ఫైల్ (కెమెరా నొక్కేయని ఫోటో) తీస్తాను గానీ, తర్వాత నీడల్ని మరీ పైకి లాగితే గేదె మీద ఇసక చల్లినట్టుంటుంది.

బంగారు వైపు గురించి మాత్రం ఒక మాట. ఒకసారి ఫోటో "వెచ్చగా" ఉంటుందని దాన్ని వాడాను. నల్ల వెంట్రుక రాగి రంగులోకి తిరిగింది. అవతల పశువుల సంగతి బాగా తెలిసినాయన. ఒంట్లో రాగి తక్కువైతే నల్ల వెంట్రుక ఎర్రబారుతుందని ఆయనకు తెలుసు. "గేదెకేదో లోపం ఉందండీ" అని బేరం వదిలేశాడు. మావయ్య ఫోటో చూశాడు, గేదెను చూశాడు, నన్ను చూశాడు. "ఏం అల్లుడూ, బంగారంలాంటి బేరం" అని ఊరుకున్నాడు. ఆ తొడుగు మళ్లీ ఆ వైపుకు తిప్పలేదు.

పోలరైజర్ ఫిల్టర్ కూడా కొని చూశాను. మెరుపు పోతుంది, నిజమే. మెరుపుతో పాటు గేదె కూడా పోతుంది! అప్పుడే కడిగి ఒళ్లు తడిగా ఉన్నప్పుడు తప్ప దాన్ని బయటికి తీయను. నూనె రాయడం మావయ్యకు సరదా. ఎండలో నూనె రాసిన గేదె ఫోటో తీయడం నా వల్ల కాదని ఇప్పుడు ఒప్పుకున్నాడు. కడిగాక అరగంట ఆరనిచ్చి తీస్తే సరిగ్గా ఉంటుంది.

ఇక ఈ వస్తువు లోపాలు. గాలికి ఇది తెరచాప. ఆషాఢంలో ఒకసారి కుర్రాడి చేతిలోంచి ఎగిరి పక్కింటి గాదె మీద పడింది. ఒక్కడే ఉంటే దీన్ని పట్టుకుని ఫోటో తీయడం కుదరదు. స్టాండు కొన్నాను, గేదెలు దానికి ఒళ్లు రుద్దుకుంటున్నాయి. జిప్పు రెండో ఏడాదికే పోయింది, దర్జీ దగ్గర యాభై రూపాయలకు మార్పించాను. చుట్టూ ఉన్న స్టీలు రింగు మాత్రం నాలుగేళ్లకూ వంగలేదు. మడత పెట్టడం నేర్చుకోవడానికి నెల పట్టింది. రెండు చేతులతో పట్టుకుని ఎనిమిది అంకెలా మెలితిప్పాలి. తప్పు తిప్పితే మూతి మీద కొడుతుంది, అనుభవంతో చెబుతున్నాను.

రెండు మూడు ఫోటోలకోసమైతే కొనక్కర్లేదు. ఉతికిన తెల్ల పంచె ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే ముప్పావు వంతు పని అయిపోతుంది, పైగా గేదెలకు పంచె అలవాటే. మా నల్ల కుక్కకు కూడా అదే చాలు. నాలా వారానికి నాలుగైదు పశువుల్ని తీసేవాళ్లు కొనుక్కోవచ్చు. కొంటే 80 సెంటీమీటర్లది వద్దు, గేదె పొడవుకు ఆ గీత భుజం దగ్గరే ఆగిపోతుంది. ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే అది నలుపునంతా నొక్కేసి, ఇంత కష్టపడి తెచ్చిన పాలనరాన్ని మళ్లీ చీకట్లో కలిపేస్తుంది.

కిందటి నెల తెలుపు వైపు పేడ మరకలు పోక కొత్తది తెప్పించాను, అదే సైజు. పాతదాన్ని మావయ్య తవుడు బస్తాల మీద కప్పాడు, బంగారు వైపు పైకి పెట్టి.