విజయనగరం హాఫ్ మారథాన్: నాకు ఇంకా బాకీ ఉన్న 860 మీటర్లు

డిసెంబరు ఆఖరి ఆదివారం విజయనగరంలో హాఫ్ మారథాన్ పరిగెత్తాను. సర్టిఫికెట్ మీద 21.1 కిలోమీటర్లు, 1 గంట 55 నిమిషాల 12 సెకన్లు అని అచ్చయి ఉంది. రెండు గంటల లోపు పూర్తి చెయ్యాలని మూడేళ్లుగా కిందా మీదా పడుతున్నవాణ్ణి, ఆ కాగితం చేతికొచ్చాక ఎగిరి గంతెయ్యాలి. వేశాను కూడా, ఓ పది నిమిషాల పాటు. ఆ తర్వాత జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. నిర్వాహకుల పేరు, లాడ్జి పేరు రాయను, అడగొద్దు. ఆ రోజు పరిగెత్తినవాళ్లకి ఎలాగూ తెలుసు.

మాది శ్రీకాకుళం. అరసవిల్లి వైపు, నాగావళి వంతెనల మీద రోజూ పొద్దున్న పరిగెత్తే బ్యాచ్ మాది. ఫీజు హాఫ్‌కి 1,100, పది కిలోమీటర్లకి 700. నేను హాఫ్‌కి, మా బావమరిది పదికి కట్టాం. మా ఆవిడ పరిగెత్తదు, పైడితల్లి అమ్మవారి దర్శనం ఉందంటేనే బయల్దేరింది. విజయనగరం మాకు డెబ్బై కిలోమీటర్లు, నాతవలస దగ్గర హైవే దిగితే ఎంతో సేపు పట్టదు. మామూలుగా అయితే తెల్లవారుజామున మూడింటికి బండి వేసుకుని వెళ్లిపోవచ్చు. కానీ బిబ్బులు, అంటే చొక్కాకి పెట్టుకునే నంబరు కాగితాలు, ముందు రోజే, అదీ సాయంత్రం ఆరు లోపే ఇస్తారట, పరుగు రోజు ఇవ్వరట. అంటే బయటి ఊరివాళ్లు ఒక రాత్రి లాడ్జి ఖర్చు పెట్టుకోవాల్సిందే. తీరా వెళ్తే మీడియం చొక్కాలు అయిపోయాయని ఎక్సెల్ చేతిలో పెట్టారు. ఆన్‌లైన్‌లో రెండు నెలల ముందు సైజు రాయించుకున్నది ఎందుకో మరి.

ఇక లాడ్జి. ఆర్టీసీ కాంప్లెక్సుకి నడిచే దూరంలో, ముగ్గురికి ఒక గది 1,400. ఆన్‌లైన్‌లో ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లు అని రాశారు. అడిగితే కుర్రాడు 'గీజరు ఉంది సార్, కరెంటు ఉన్నప్పుడు పని చేస్తుంది' అన్నాడు. కరెంటు ఉంది, గీజరు పని చెయ్యలేదు. దుప్పట్లు రెండే ఇచ్చారు, మూడోది అడిగితే యాభై. దోమలకి మాత్రం అదనంగా ఏమీ తీసుకోలేదు. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. అసలు సంగతి తెల్లవారుజామున నాలుగింటికి. బూట్లు వేసుకుని, బిబ్బు పిన్నులు పెట్టుకుని కిందికి దిగితే గేటుకి గొలుసు, గొలుసుకి నా పిడికిలంత తాళం. ముందు రాత్రే చెప్పాను, పొద్దున్నే నాలుగింటికి వెళ్లాలి అని. 'తలుపు తీసే ఉంటుంది సార్' అన్న మనిషి కనపడడు. ఫోన్ చేస్తే రిసెప్షన్ బల్ల సొరుగులోంచి రింగు వినిపిస్తోంది. బల్ల మీద కొట్టాను, గేటు ఊపాను, బావమరిది ఈల వేశాడు, వీధి కుక్కలు లేచాయి తప్ప మనిషి లేవలేదు. పది నిమిషాలు అలాగే గడిచాయి. నా మొహం చూసి మా ఆవిడ మెట్లెక్కి పైకెళ్లి, డాబా వైపు తలెత్తి గట్టిగా ఒక్కటే కేక వేసింది: 'బాబూ, ట్యాంకు పొంగిపోతోంది, మోటారు ఆపండి!' అంతే, దోమతెరలోంచి కుర్రాడు లుంగీ సర్దుకుంటూ మూడు మెట్లకో అడుగు వేస్తూ దిగాడు. ఆ రోజు మొత్తంలో వేగంగా పరిగెత్తినవాడు అతనే అని బావమరిది ఇప్పటికీ అంటాడు.

ఉరుకులు పరుగుల మీద కోట దగ్గరికి వెళ్తే తొందరేం లేదని అర్థమైంది. ఐదింటికి అని కార్డులో వేసిన పరుగు 5.42కి మొదలైంది. ముఖ్య అతిథి రాలేదు. ఈలోగా స్పీకర్లు పెట్టి జుంబా చేయించారు. పరిగెత్తబోయేవాడి చేత అరగంట గెంతులు వేయించడం ఏం తెలివో నాకు తెలీదు, కాళ్లలో ఉన్న సత్తువ అక్కడే సగం పోతుంది. అతిథి వచ్చాక ఆరోగ్యం మహాభాగ్యం అని ఒక ఉపన్యాసం. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఆ నలభై నిమిషాల ఆలస్యం ఖరీదు ఏడు దాటాక ఎండలో తెలిసింది.

కానీ ఊళ్లోని మొదటి ఐదు కిలోమీటర్లు మాత్రం, కోపంలో కూడా ఒప్పుకోవాలి, అద్భుతం. 1713లో విజయనామ సంవత్సరం విజయదశమి నాడు పునాది వేశారని చెప్పే కోట, చీకట్లో దాని గోడ పక్కనుంచి వందల బూట్ల చప్పుడు. మూడు లాంతర్ల కూడలి, గంటస్తంభం. సిరిమానోత్సవం నాడు కాలు పెట్టడానికి చోటుండని ఆ రోడ్డు మధ్యలో ఒక్కణ్ణే పరిగెత్తుతుంటే ఏదో దొంగతనంగా వాడుకుంటున్నట్టు అనిపించింది. ముగ్గులేసే ఆడవాళ్లు పిండి చేత్తోనే చెయ్యి ఊపారు. స్కూలు పిల్లలు ఐదో కిలోమీటరు దగ్గర నీళ్ల గ్లాసులు చెయ్యి చాపి, కింద పోసుకోకుండా, పక్కన పరిగెత్తుతూ మరీ అందించారు. ఆ పిల్లలకి నేర్పించిన మాస్టారెవరో గానీ దండం పెట్టాలి.

తర్వాత నెల్లిమర్ల రోడ్డు. నెల్లిమర్లకి ఇవతల యూటర్న్ తీసుకుని అదే దారిన వెనక్కి రావాలి. తొమ్మిదో కిలోమీటరు దగ్గర నీళ్ల డ్రమ్ము ఉంది, గ్లాసులు లేవు, అయిపోయాయట. దోసిలి పట్టి తాగాం, సగం బూట్లలోకి పోయింది. వెనక పరిగెత్తేవాళ్ల సంగతి ఆ భగవంతుడికే ఎరుక. అరటిపండ్లు ఉన్నాయి, ఓఆరెస్ లేదు. కోస్తా గాలిలో చెమట ఆరదు, డిసెంబరైనా సరే ఒంట్లో ఉప్పు పోతూనే ఉంటుంది. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఇంకా ప్రమాదం. నా జేబులో రెండు ప్యాకెట్లు పెట్టుకున్నాను కాబట్టి బతికాను.

ఇక్కడే ఒక తేడా కనిపించింది. 12 అని బోర్డు చూశాను. కాస్త దూరంలో రోడ్డు మధ్యలో ఎర్ర కోను, పక్కన టీ కొట్టు, బల్ల మీద టీ తాగుతూ ఇద్దరు వాలంటీరు కుర్రాళ్లు, 'తిరగండి అన్నా, తిరగండి' అన్నారు. తిరిగాను. ఆ తర్వాత కనిపించిన బోర్డు 14. పదమూడు గాలికి పడిపోయిందేమో అనుకున్నాను. కాళ్లు బాగా ఆడుతున్నాయి, లెక్కలు వేసే ఓపిక లేదు.

ముగింపు గీత దాటాక వాచీ చూస్తే 20.3 దగ్గర ఆగి ఉంది. పక్కవాణ్ణి అడిగాను, 20.28. ఇంకొకాయన 20.35. వాచీలో జీపీఎస్ మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే మనం మలుపుల్లో అడ్డదిడ్డంగా పరిగెత్తుతాం, రూటు కొలిచేవాళ్లు మాత్రం దగ్గరి దారి గీత పట్టుకుని కొలుస్తారు. పైగా పద్ధతి ప్రకారం కొలిస్తే, చక్రానికి కౌంటరు బిగించిన సైకిల్ మీద, కిలోమీటరుకి ఒక మీటరు కలిపి మరీ కొలుస్తారు, పొరపాటున కూడా తక్కువ రాకూడదని. అంటే వాచీలు ఇరవై ఒకటిన్నర చూపిస్తే ఎవరూ అడగరు. అందరివీ ఇరవై చిల్లర చూపిస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే. నిర్వాహకుల కౌంటర్ దగ్గరికెళ్లి అడిగితే అక్కడున్నాయన నా వాచీ వైపు చూడకుండానే 'మీ వాచీ తప్పు సార్, మాది చిప్ టైమింగ్' అన్నాడు. చిప్పు కొలిచేది టైము, దూరం కాదు బాబూ అన్నాను. 'టిఫిన్ అటువైపు సార్' అన్నాడు. యూటర్న్ దగ్గర ఆ చిప్పుని పట్టే టైమింగ్ మ్యాట్ లేనే లేదు, మరి ఎవరు ఎక్కడ తిరిగారో వాళ్లకెలా తెలుస్తుంది?

టిఫిన్ చల్లారిన ఉప్మా. బావమరిది రెండు ప్లేట్లు తిన్నాడు. వాడి పది కిలోమీటర్లు వాచీలో 10.08 వచ్చాయి, మంచి హుషారులో ఉన్నాడు. మా ఆవిడ దర్శనానికి వెళ్లింది. నా మొహం చూడలేక వాడే 'పద బావా, వెళ్లి కొలిచేద్దాం' అన్నాడు. వెయిటింగుతో కలిపి ఆటో 350, ఇది కూడా ఈ పరుగు ఖాతాలోనే రాయండి.

టీ కొట్టు దగ్గర దిగాం. కోను తీసేశారు. కొట్టు నడిపే ఆవిడకి అరవై ఉంటాయి. అల్లం దంచి వేసిన టీ, పది రూపాయలు, ఆ రెండు రోజుల్లో నేను పెట్టిన డబ్బులో పూర్తిగా గిట్టుబాటైంది అదొక్కటే. సంగతి చెబితే 'ఎంత కట్టారు బాబూ పరిగెట్టడానికి?' అంది. పదకొండు వందలన్నాను. 'పదకొండు వందలా! మా ఊరు కుక్కలు ఉత్తినే పరిగెట్టిస్తాయి కదా' అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది, ఆ కోను పొద్దున్న ముందుకి, ఇంకో టీ కొట్టు దగ్గర ఉందట. 'ఆ కొట్టు ఇయ్యాల తీయనేదు. గుంటలు సలికి ఒణికిపోతన్నారు బాబూ. నానే పిలిసాను, ఇక్కడ పొయ్యి ఉంది రండని. ఆ ఎర్ర బుడ్డి కూడా తెచ్చీసుకున్నారు. నాకేటి తెలుసు, దాంతో మీకింత ఇబ్బందని.' ఆవిడ మొహం చూస్తే నాకు సగం కోపం అక్కడే చల్లారిపోయింది, మిగతా సగం 'మీ వాచీ తప్పు' అన్నాయన కోసం దాచుకున్నాను.

ముందుకి నడిస్తే నిజమే, మూసి ఉన్న రెండో కొట్టు ముందు రోడ్డు మీద సున్నంతో గీసిన బాణం, పక్కన 13 బోర్డు చెట్టుకి కట్టి ఉంది. అంటే రూటు సరిగ్గానే కొలిచారు, కోనే కాళ్లొచ్చి నడిచింది. టేపు లేదు. ఆవిడ కొడుకు పాత సైకిల్ అడిగాం, వెనక చక్రం వాల్వుకి గుర్తుగా ఒక దారం కట్టాం. ఒక్క చుట్టు ఎంతో కొలవడానికి నా సర్టిఫికెట్టే దొరికింది: ఏ4 కాగితం, పొడవు 29.7 సెంటీమీటర్లు. రోడ్డు మీద ఒకదాని తర్వాత ఒకటిగా పరిస్తే చుట్టుకి ఏడున్నర సర్టిఫికెట్లు పట్టింది, ఆ అర కోసం మడత పెట్టాల్సొచ్చింది, సుమారు 2.23 మీటర్లు. తర్వాత నేను సైకిల్ నడిపిస్తూ, బావమరిది వంగి దారం కిందికొచ్చినప్పుడల్లా లెక్కపెడుతూ, 193 చుట్లు. నూట పదహారు దగ్గర లారీ హారన్ కొడితే లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చాం. ఇరవై కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్లతో ఆ రెండోసారి నడవడం ఎలా ఉంటుందో చెప్పలేను. మొత్తానికి 430 మీటర్లు. పోను 430, రాను 430, నాకు 860 మీటర్లు తక్కువ వడ్డించారు.

ఆటోలో కూర్చుని ఫోనులో లెక్క వేశాను, వెయ్యకుండా ఉండాల్సింది. నేను పరిగెత్తింది సుమారు 20.24. అదే వేగంతో ఆ 860 కూడా పరిగెత్తి ఉంటే ఇంకో 4 నిమిషాల 54 సెకన్లు. మొత్తం రెండు గంటల ఆరు సెకన్లు. ఆరు! బావమరిది నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు, ఆటో అతను కూడా కారణం తెలియకుండానే నవ్వాడు. అసలు ఈ 21.1 అనే అంకె కూడా సూటిగా పుట్టింది కాదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు పరుగు ముగియాలని మారథాన్ దూరాన్ని 42.195 కిలోమీటర్లకి సాగదీశారు, 1921లో అదే ఖాయమైంది, అందులో సగమే మనది. వాళ్లు రాజుగారి కుర్చీ ముందుకి సాగదీశారు, మనవాళ్లు టీ బల్ల ముందుకి లాక్కున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకి నా మాట: ఊళ్లో బంధువులుంటే వాళ్లింట్లో పడుకోండి, లేకపోతే లాడ్జిలో గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో కళ్లారా చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. నీళ్ల సీసా, ఓఆరెస్ మీవే పట్టుకెళ్లండి. పది కిలోమీటర్లయితే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు, కోట వీధుల పరుగుకే 700 ఇవ్వొచ్చు. హాఫ్‌కి మాత్రం 1,100 ఎక్కువ, మ్యాట్ లేని యూటర్న్‌కి అసలే ఎక్కువ.

సున్నం బాణం ఫోటో, లెక్క, అన్నీ కలిపి మెయిల్ పెట్టాను. డబ్బులు అడగలేదు, సర్టిఫికెట్ల మీద దూరం సరిచెయ్యమని అడిగానంతే. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది: మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, వచ్చే ఏడాదికి పది శాతం రాయితీ కూపను. దూరం గురించి ఒక్క ముక్క లేదు. ఆ కూపను వాడేసుకుని మా బావమరిది వచ్చే ఏడాది హాఫ్‌కి పేరిచ్చేశాడు, 990 పడింది. మా ఆవిడ కూడా వస్తానంటోంది, దర్శనానికి కాదట, ఆ అల్లం టీకి. నేనింకా కట్టలేదు.