హంట్స్‌విల్‌లో ఉంటూ బయట తినాలంటే ఊళ్లోనా, నాష్‌విల్లా, అట్లాంటానా?

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ఒకే ప్రశ్న: బయట ఎక్కడ తిందాం? అరగంట ఫోన్లు చూసుకున్నాక జవాబు కూడా ఒకటే. పెరుగన్నం, ఆవకాయ.

మాది అలబామాలోని హంట్స్‌విల్. 2020 జనాభా లెక్కల్లో 2,15,006 మందితో బర్మింగ్‌హామ్‌ని దాటి రాష్ట్రంలోకెల్లా పెద్ద ఊరైంది. మనిషిని చంద్రుడి మీదికి పంపిన శాటర్న్-5 రాకెట్‌ తయారీని నడిపించింది ఇక్కడి నాసా మార్షల్ సెంటరే. ఇంత ఘనత ఉన్న ఊళ్లో నాకు నచ్చిన దోసె ఇంతవరకు దొరకలేదు. పక్కనే ఉన్న మాడిసన్‌లో మనవాళ్లు బాగానే ఉన్నారు. అయినా ఎక్కడ కలిసినా ఇదే గోల: "ఒక్క మంచి హోటల్ రాకూడదా!"

ముందు ఊళ్లో దొరికే "ఇండియన్" భోజనం సంగతి. పేర్లు ఎందుకులే. ఒక చోట బఫేలో బిర్యానీ అని పెట్టినదాన్ని చూసి మా ఆవిడ, "ఏమండీ, ఇది పులావ్‌కి రంగేసినట్టు లేదూ?" అంది. ఆ రోజు నేనూ తిట్టుకున్నాను. తర్వాత ఒక హోటల్ యజమానితో మాట్లాడితే అసలు లెక్క తెలిసింది. దమ్ బిర్యానీని ప్లేటు ప్లేటుగా వండడం కుదరదు, హండీ మొత్తం ఒకేసారి దించాలి. సోమవారం పది ప్లేట్లే పోతే మిగతాది పారేయాలి, లేదా మర్నాడు వేడి చేసి పెట్టాలి. దోసె పిండిదీ అదే కథ, పులిసిన పిండి రేపటికల్లా ఇంకా పులుస్తుంది. వారంలో నాలుగు రోజులు వచ్చేది అమెరికన్లే, వాళ్లకి బటర్ చికెన్, నాన్ చాలు. మనవాళ్లు కనిపించేది శనాదివారాలే. అదీ అట్లాంటా వెళ్లకపోతే!

హైవే పక్కన వరసగా ఉండే చైన్ రెస్టారెంట్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లలు ఏడుస్తున్నప్పుడు పనికొస్తాయి.

ఇక అట్లాంటా. ఆల్ఫరెట్టా, కమ్మింగ్ వైపు వెళ్తే ఉలవచారు బిర్యానీ, గోంగూర మటన్, నాటుకోడి పులుసు, ఏది కావాలన్నా ఉంది. రుచిలో దానికి పోటీ లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ హంట్స్‌విల్ నుంచి నేరుగా ఇంటర్‌స్టేట్ హైవే లేదు. సుమారు 320 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. పైగా అట్లాంటా ఉన్న జార్జియా గడియారం అలబామాకంటే గంట ముందుంటుంది. పొద్దున ఏడింటికి బయల్దేరితే అక్కడ మధ్యాహ్నం పన్నెండు. రానూ పోనూ పదమూడు గ్యాలన్ల పెట్రోలు. మర్నాటికీ కావాలని పార్సిల్ కట్టించుకుంటే ఆ మసాలా వాసన వారం దాకా కారు వదలదు. నలుగురు స్నేహితులు, కిరాణా, బట్టలు, ఎవరింట్లోనో గృహప్రవేశం, ఇవన్నీ కలిసొస్తే వెళ్లొచ్చు. తిండి కోసమే అయితే నా ఓటు పడదు.

నాష్‌విల్ రెండు గంటల లోపే. ఐ-65 హైవే ఎక్కితే చాలు, గడియారం మార్చుకునే పని లేదు. అక్కడి గణేశ ఆలయానికి వెళ్లినవాళ్లు చాలామంది భోజనం కూడా అటే కానిస్తారు. నాకు మాత్రం నాష్‌విల్ అంటే నోలెన్స్‌విల్ పైక్ రోడ్డు. ఇరాక్, టర్కీ వైపు నుంచి వచ్చిన కుర్దులు అమెరికాలో ఎక్కువగా స్థిరపడిన నగరం అది. వాళ్ల తందూర్ రొట్టె వేడివేడిగా దొరుకుతుంది. అక్కడే హాట్ చికెన్ కూడా. వేయించిన కోడి మీద ఎండు మిరప కారం, పంది కొవ్వు కలిపిన ముద్ద పూసి, తెల్ల బ్రెడ్ మీద ఊరగాయ దోసకాయ ముక్కలతో పెట్టడం పాత పద్ధతి. పల్నాడు వాడిని కదా అని మొదటిసారి ఏకంగా "హాట్" చెప్పాను. రెండో ముక్కకి చెవులు మూసుకుపోయాయి. అల్లం లేదు, వెల్లుల్లి లేదు, ఒట్టి మంట. అయినా మళ్లీ వెళ్లాను, ఎందుకో అడక్కండి. ఈసారి "మైల్డ్".

అసలు నన్ను మార్చింది మాత్రం ఊళ్లోని "మీట్ అండ్ త్రీ" భోజనమే. బోర్డు మీద రాసిన వాటిలో ఒక మాంసం, మూడు కూరలు ఎంచుకోవాలి. మన మెస్సులో పళ్లెం పట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది. మెకరోనీ చీజ్‌ని కూడా వాళ్లు కూరల్లోనే లెక్కేస్తారు, అదొక్కటే నవ్వొస్తుంది. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన బెండకాయ, ఉడికించిన అలసందలు, పచ్చి టమాటా వేపుడు, కొలార్డ్ ఆకుకూర. బెండకాయ, అలసందలు ఇక్కడికి చేరింది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులతోనే. కొలార్డ్ ఆకుని గంటల తరబడి ఉడికిస్తారు, పులుపు లేని గోంగూర అనుకోండి.

ఒక జాగ్రత్త. ఆకుకూరలో, చిక్కుడులో పంది ఎముక వేసి ఉడికించడం ఇక్కడ మామూలే. "వెజిటబుల్ ప్లేట్" అని రాసున్నా సరే, అడిగి తినాలి. మా అమ్మ నరసరావుపేట నుంచి వచ్చినప్పుడు అడగడం మర్చిపోయి సగం తినిపించేశాను. ఇప్పటికీ ఆవిడకి చెప్పలేదు. ఆవిడకి నచ్చింది వేరు. పక్క టేబుల్ ముసలాయన గ్లాసు మజ్జిగలో కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న పిండి రొట్టె, చిదిమి వేసుకుని స్పూన్‌తో తింటున్నాడు. "ఒరే, మీ అమ్మమ్మ జొన్నన్నంలో మజ్జిగ పోసుకునేది కదరా, అచ్చం అదే!" అని తనూ చేసుకుంది. దారిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతుంటే కారు ఆపించింది. ఉప్పునీళ్లలో ఉడికి మెత్తగా ఉన్నాయి. రెండు పొట్లాలు ఒక్కతే తినేసింది.

డెకటర్ కూడా దగ్గరే, 40 కిలోమీటర్లు. 1925లో బాబ్ గిబ్సన్ అనే రైల్వే ఉద్యోగి మొదలుపెట్టిన బార్బెక్యూ అక్కడ ఉంది. పొగ మీద కాల్చిన కోడిని మయోనీజ్, వెనిగర్, మిరియాలు కలిపిన తెల్ల సాస్‌లో ముంచి ఇస్తారు. మొదట చూసి ఇదేం కలయిక అనుకున్నాను. ఇప్పుడు ఆ పుల్లటి మిరియాల ఘాటు కోసమే వెళ్తాను.

కాబట్టి నా లెక్క ఇది. వారంలో ఒక మధ్యాహ్నం మీట్ అండ్ త్రీ, నెలకోసారి డెకటర్. కుర్ద్ రొట్టె మీద మనసైతే నాష్‌విల్. అట్లాంటాకి పెళ్లో పేరంటమో ఉంటేనే. దూరమైనా మన రుచే కావాలంటే నా లెక్క మీకు నచ్చదు, తప్పు లేదు.

బిర్యానీ సంగతి అంటారా? ఆ యజమానినే మళ్లీ అడిగాం. ముందుగా చెప్పి, ముందుగా డబ్బు కడితే ఆదివారం మనకోసం వేరే హండీ పెడతానన్నాడు, కనీసం ఇరవై ప్లేట్లు ఉండాలన్నాడు. మాడిసన్ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇప్పటికి పదిహేడు తేలాయి. ముగ్గురు మాత్రం "ఆదివారం అట్లాంటా వెళ్తున్నాం అన్నా" అన్నారు.