‘మోదుగుపూలు’ చర్చకు ఏ కేక్ మేలు?

హనుమకొండలో మేం నడుపుకునే పుస్తకాల బృందంలో నెలనెలా వినిపించే ప్రశ్న ఒకటుంది: “అక్కా, ఈసారి నవలకు తగ్గట్టు ఏం బేక్ చేద్దాం?” వచ్చేసారి దాశరథి రంగాచార్య ‘మోదుగుపూలు’ అనుకున్నప్పటి నుంచి అది ఇంకా ఎక్కువైంది. అందరి మనసులో ఉన్నవి ముఖ్యంగా రెండు: మోదుగుపూల రంగు క్రీమ్ కేక్, జొన్నపిండి-బెల్లం కేక్.

క్రీమ్ కేక్ చూడగానే నవల పేరు గుర్తొస్తుంది. ఫొటోలో బాగుంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. వెనిలా స్పాంజ్ అందరికీ వచ్చిందే, కష్టమంతా పైన వేసే క్రీమ్‌తోనే. హోలీకి చేసినట్టు మోదుగుపూలు మరిగించి ఆ నీళ్లు కలుపుదామని కొందరు అంటున్నారు. అందులోంచి దిగేది పసుపు, నారింజ కలిసిన రంగు. తెల్ల క్రీమ్‌లో పడితే పాలిపోతుంది, ఎక్కువ పోస్తే క్రీమ్ జారిపోతుంది. బేకరీ సామాన్ల షాపులో దొరికే జెల్ రంగే నయం. ఇక మన ఎండలు తెలిసినవే. ఏప్రిల్ దాటాక కాజీపేట నుంచి ఆటోలో తెచ్చేసరికి క్రీమ్ పువ్వులు కుంగిపోతాయి. బటర్‌క్రీమ్ ఇంకాస్త నిలుస్తుంది గానీ 40 డిగ్రీల్లో అదీ మెత్తబడుతుంది.

నేను మాత్రం జొన్న కేక్ వైపే. ఇది నిజాం కాలపు తెలంగాణ నవల. రాసినాయన 1928లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టారు, అంటే మన పక్కనే. ఆ రోజుల్లో మన పల్లెల్లో పేదల ఇంట రోజూ ఉడికింది జొన్న గటక (జొన్నరవ్వతో వండే సంకటి లాంటిది), కాల్చింది జొన్నరొట్టె. వరి అన్నం పండుగనాటి మాట. ఆ మనుషుల గురించి మాట్లాడుకోబోతున్నప్పుడు వాళ్లు తిన్న గింజ మన ప్లేట్లో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. రంగును చూసి మెచ్చుకుంటాం, అంతటితో అయిపోతుంది. జొన్న రుచి తగిలితే ఎవరో ఒకరు “మా అమ్మమ్మ గటకలో మజ్జిగ పోసుకొని తినేది” అని మొదలుపెడతారు. అక్కణ్నుంచి దొర గడీ (కోటలాంటి ఇల్లు), వెట్టిచాకిరీ అన్నీ మాటల్లోకి వస్తాయి. చర్చకు అంతకన్నా ఏం కావాలి?

చేయడంలో కొంత జాగ్రత్త కావాలి. జొన్నలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ఒట్టి జొన్నపిండితో చేస్తే కోసేటప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది, నోట్లో ఇసుక తగిలినట్టుంటుంది. కప్పు జొన్నపిండిని అరకప్పు పెరుగులో అరగంట నాననివ్వండి, ఆ గరుకు చాలావరకు పోతుంది. తర్వాత అరకప్పు గోధుమపిండి కలపండి. ముప్పావు కప్పు బెల్లం కొద్ది వేడినీళ్లలో కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారాకే పోయాలి, లేకపోతే గుడ్లు ఉడికిపోతాయి. రెండు గుడ్లు, అరకప్పుకు కొంచెం తక్కువ నూనె, అర టీస్పూన్ వంటసోడా, యాలకుల పొడి, పైన నువ్వులు. బెల్లం తొందరగా మాడుతుంది కాబట్టి 180 కాకుండా 170 డిగ్రీల్లో 35–40 నిమిషాలు ఉంచండి. ఒవెన్ లేకపోతే గాస్కెట్, విజిల్ తీసేసిన కుక్కర్‌లో సన్న మంట మీద చేయొచ్చు, ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది. పిండి మాత్రం గిర్నిలో అప్పటికప్పుడు పట్టించుకోండి. నిల్వ జొన్నపిండి చేదెక్కుతుంది, ఆ చేదు బెల్లంతో కూడా పోదు.

ఇప్పపువ్వు సంగతి కూడా అడిగారు. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఎండు పువ్వు దొరికితే జొన్న కేక్‌లోనే కిస్‌మిస్ బదులు వేయండి, వేరే కేక్ అక్కర్లేదు. ఎండు ఆప్రికాట్లతో వండే ఖుబానీ కా మీఠా బేక్ చేసేది కాదు కాబట్టి ఈసారికి వదిలేద్దాం.

పిల్లలు ఎక్కువగా వచ్చే ఆదివారమైతే క్రీమ్ కేకే చేయండి, కానీ చల్లగా ఉండే పొద్దుటిపూట పెట్టుకోండి. పెద్దవాళ్లమే కూర్చునే రోజైతే జొన్న కేక్ ముందురోజు రాత్రే చేసిపెట్టుకోండి. తెల్లారేసరికి బెల్లం తడి అంతా పట్టి ముక్కలు చక్కగా తెగుతాయి.